ఇంటికి ఒక్క వల

నాకు ఈత రాదు. ఈ మాట ముందే చెప్పేస్తే నయం, ఎందుకంటే ఇరవై ఏళ్లుగా నాకు కూడు పెడుతున్నది సముద్రపు చేప. గద్వాలలో మగ్గాల మధ్య పుట్టినవాడికి ఈత ఎక్కణ్ణుంచి వస్తుంది? మా ఇంట్లో నీళ్లంటే నూలు నానబెట్టే తొట్టిలోవే. చదువు తీసుకెళ్లి నన్ను తూర్పు తీరంలో పడేస్తే, అక్కడ రేవులో చేతికి ఒక కొయ్యపలక ఇచ్చి చేపల పొడవు కొలవమన్నారు. పలకకు ఒక కొసన అడ్డచెక్క, పొడుగునా సెంటీమీటర్ల గీతలు. చేప మూతిని అడ్డచెక్కకు ఆనించి, తోక చీలిక దగ్గర అంకె చదివి రాసుకోవాలి. పుస్తకాల్లో ట్యూనా అని రాసేదాన్ని తీరంలో సూర అంటారు. అలా ఎన్ని వేల సూరలు కొలిచానో నాకే గుర్తులేదు. పడవ మాత్రం ఒక్కసారి కూడా ఎక్కలేదు. పడవ ఒడ్డుకు వచ్చాకే నా పని మొదలయ్యేది.

కొన్నేళ్లకు పలక పక్కన పెట్టి కంప్యూటర్ ముందు కూర్చోమన్నారు. ఇప్పుడు ఇంటి నుంచే పని. మా ఆవిడ సర్కారు దవాఖానలో నర్సు. ఆమెకు నాగర్‌కర్నూలు నుంచి గద్వాలకు బదిలీ అయితే, నేనూ నా కంప్యూటరూ సామాను బండిలో ఆమె వెంట వచ్చాం. పుట్టిన ఊరికే వచ్చినా నాకు కుదురు లేదు. పాలు పోసే మనిషి దగ్గర్నుంచి అందరిదీ ఒకటే ప్రశ్న: "గద్వాలల సముద్రమెక్కడిది సారు?" మొదట్లో నవ్వేవాణ్ణి. పోనుపోను చిరాకు పుట్టేది.

నా పని సంగతి క్లుప్తంగా చెబుతాను. సముద్రంలో చేపల్ని ఎవరూ లెక్కపెట్టలేరు కాబట్టి పడవల్ని అడుగుతాం. ఒక పడవ ఒక రోజు తిరిగితే ఎన్ని సూరలు పడ్డాయి, అంతకు ముందు ఎన్ని పడేవి, వాటి పొడవెంత, గుడ్లు పెట్టే ఈడుకు వచ్చినవి ఎన్ని. ఇవన్నీ కలిపి చూస్తే నీళ్లలో ఇంకా ఎంత చేప మిగిలి ఉందో, దాని సంతతికి దెబ్బ తగలకుండా ఏడాదికి ఎంత పట్టుకోవచ్చో ఒక అంచనా వస్తుంది. మేం ఆ అంకె చెప్పి పక్కకు తప్పుకుంటాం. ఆపైన రకరకాల దేశాల అధికారులు కూర్చుని దాని మీద బేరం మొదలుపెడతారు. ఒకరు మా పడవలకు ఇంకొంచెం కావాలంటారు, ఇంకొకరు మావాళ్లు బీదవాళ్లంటారు. సాయంత్రానికి మా అంకె ఉబ్బిపోతుంది. ఆ మీటింగులు వీడియోలో వింటూ నేను గదిలో కాలుగాలిన పిల్లిలా తిరుగుతాను. "చేపతో బేరమాడతారా వీళ్లు?" అని అరుస్తాను.

"గా మైకు బందున్నదో లేదో చూస్కోని మొత్తుకోరాదు" అంటుంది మా ఆవిడ వంటింట్లోంచి.

కొత్తగా పనిలో చేరినవాళ్లకు నేను మొదటిరోజే చెప్పే పాఠం ఒకటుంది. "పడవ ఒకటే కదా అని మోసపోకండి. పదేళ్ల కిందటి పడవ వేరు, ఇప్పటి పడవ వేరు. ఇప్పటి దానికి నీటి అడుగున తిరిగే చేప కూడా తెర మీద కనిపిస్తుంది. రెంటినీ 'ఒక పడవ' అని రాసుకుంటే, చేప సగానికి పడిపోయినా మీ లెక్కలో అంతే ఉన్నట్టు కనిపిస్తుంది." ఈ పాఠం నేను చాలా గొప్పగా చెబుతానని పేరు. ఆ పేరు తలుచుకుంటే ఇప్పుడు ఒళ్లు మండుతుంది.

రెండేళ్ల కిందట, చలి తగ్గుతున్న రోజుల్లో, ఒక పెద్దాయన మోటార్ సైకిల్ మీద మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. అమరచింత అవతల, జూరాల వెనక నీళ్ల ఒడ్డున ఒక పల్లె. అక్కడ చేపలు పట్టి బతికే ఇళ్లు ముప్పై చిల్లర ఉన్నాయి. వాళ్ల సంఘానికి ఈయన అధ్యక్షుడు. చెప్పులు బయట విడిచి, కుర్చీ అంచు మీద కూర్చున్నాడు.

"సారు, మీరు సముద్రంల చేపలెన్నున్నయో చెప్తరంట గద. మా నీళ్లల్ల ఎన్నున్నయో జర చెప్పుండ్రి."

"ఏమైంది?"

"ముసలోళ్లు చేప తగ్గిందంటున్నరు. వయసుల ఉన్నోళ్లు యాడ తగ్గిందంటున్నరు. తగ్గిందంటే వలలు తగ్గియ్యాలె. తగ్గిస్తె పొయ్యి మీద ఏం బెట్టాలె? తగ్గియ్యకపోతె రేపటికి నీళ్లే మిగుల్తయి. రోజూ గిదే పంచాయితి. పరేషానయిపోయింది సారు. మీరొక్క మాట జెప్తె అందరం ఇంటం."

అడగ్గానే ఒప్పేసుకున్నాను. నా అంకె కావాలని, దాన్ని వింటామని ఒకరు ఇంటికి వచ్చి చెప్పడం అదే మొదటిసారి. నాకు ఎంత సంతోషం వేసిందంటే, ఆయన వెళ్లగానే అటక ఎక్కి పాత కొలత పలక దించి, గుడ్డతో తుడిచి పెట్టుకున్నాను.

ఆ వారం నుంచి ప్రతి బుధవారం, ఆదివారం పొద్దున్నే స్కూటర్ మీద ఆనకట్ట దాటి ఆ ఒడ్డుకు చేరేవాణ్ణి. పుట్టులు ఒక్కొక్కటే వచ్చేవి. పుట్టి అంటే వెదురు బుట్టకు అడుగున తారు పూసినట్టుండే గుండ్రటి పడవ. గంపల్లో బొచ్చె, రవ్వ, జెల్ల, వాలుగ. బొచ్చె, రవ్వ పిల్లల్ని సర్కారు తెచ్చి నీళ్లలో వదులుతుంది కాబట్టి వాటితో అంచనాకు రాలేం. నేను ప్రధానంగా చూసేది వాలుగను. అది నదిలో తనంత తానే పుట్టి పెరిగే చేప. పొడుగ్గా, నోటి నిండా పళ్లతో, పట్టుకుంటే జారిపోయే రకం.

దాన్ని పలక మీద కదలకుండా పట్టుకోవడం నా వల్ల అయ్యేది కాదు. ఒడ్డున ప్లాస్టిక్ పట్టా కింద కూర్చుని వలలు బాగుచేసే ఒకామె నా అవస్థ చూసి నవ్వి, లేచి వచ్చి, రెండు వేళ్లు చేప మొప్పల్లో దూర్చి టక్కున పలక మీద పరిచింది. "గిట్ల వట్టాలె సారు. సముద్రంల గిట్ల వట్టరా?" అంది. అప్పటి నుంచి ప్రతిసారీ ఆమే పట్టేది, నేను చదివి రాసుకునేవాణ్ణి. నేను ఆమెను అక్కా అనేవాణ్ణి. భర్త జ్వరంతో పోయి మూడేళ్లు. ఇద్దరు ఆడపిల్లలు బళ్లో చదువుతున్నారు. సంఘంలో ఆమెకు సభ్యత్వం లేదు. అది మగవాళ్ల పేరు మీదే ఉంటుందట. అయినా రోజూ మరిది పుట్టి ఒడ్డుకు రాగానే గంపలోంచి కొన్ని చేపలు ఆమె ముందు పడేవి. వాటిని అయిజ దాకా తీసుకెళ్లి అమ్ముకునేది. మరిది మంచివాడు, వదినను చూసుకుంటున్నాడని అనుకున్నాను. ఆ చేపలు ఎందుకు పడుతున్నాయని అడగలేదు.

వచ్చిన ప్రతివాణ్ణీ ఒకే ప్రశ్న అడిగేవాణ్ణి: "ఎన్ని వలలు వేశావు?"

"ఒక్కటే సారు."

అందరిదీ అదే జవాబు. సంఘం పెట్టిన నాటి నుంచీ వాళ్ల కట్టుబాటు అది. ఇంటికి ఒక్క వల. దాన్ని తప్పినవాడు ఒక్కడూ లేడని అధ్యక్షుడు ఛాతీ మీద చెయ్యి వేసుకుని చెప్పాడు. నిజంగానే తప్పలేదు. నేను "1" అని రాసుకున్నాను. సంఘం దగ్గర పాత నోటుపుస్తకాలు ఉన్నాయి. ఏ రోజు ఏ ఇంటికి ఎన్ని గంపల చేప పడిందో పెన్సిల్‌తో రాసి ఉంది. అవీ తెచ్చుకున్నాను. అప్పుడూ ఇంటికి ఒక్క వల, ఇప్పుడూ ఒక్క వల. పోల్చి చూడటానికి ఇంత శుభ్రమైన లెక్క సముద్రంలో కూడా దొరకలేదని మురిసిపోయాను.

ఒకరోజు అక్క దారం పళ్లతో తెంపుతూ అంది: "ఒక్కపారి పుట్టెక్కి చూడరాదు సారు. గట్టు మీద కూసుంటె ఏం తెలుస్తది?"

"నా పని గట్టు మీదేనక్కా" అన్నాను, ఏదో పెద్ద శాస్త్రం చెబుతున్నట్టు. అసలు సంగతి భయం. ఆ పుట్టి నీళ్లలో బొంగరంలా తిరగడం చూస్తేనే రెండడుగులు వెనక్కి వేసేవాణ్ణి.

మొదటి వానలకు ముందు సంఘం రేకుల షెడ్డు ముందు అందరూ కూర్చున్నారు. నేను నిలబడి చెప్పాను. వలకు పడే చేప ఐదారేళ్ల కిందట ఎంతో ఇప్పుడూ దాదాపు అంతే. చేప తగ్గలేదు. వలలు తగ్గించక్కర్లేదు. వయసులో ఉన్నవాళ్లు ఈలలు వేశారు. ముసలివాళ్లు తల వంచుకుని బీడీలు ముట్టించుకున్నారు. ఒక ముసలాయన మాత్రం, "మరి మా చేతులకు దెల్వదా?" అని గొణిగాడు. చేతులకు తెలిసేది లెక్క కాదు తాతా అన్నాను. అందరూ నవ్వారు. వెళ్లేటప్పుడు ఒక పెద్ద వాలుగను సంచిలో చుట్టి నా స్కూటర్‌కు తగిలించారు. మా ఆవిడ పులుసు పెడితే రెండు పూటలా తిన్నాను. ఆ ముసలాయన మొహం గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

మరుసటి ఏడు మళ్లీ పలక తీసుకుని వెళ్లాను. ఎవరూ అడగలేదు, అలవాటైపోయింది. మొదటి రెండు వారాల్లోనే ఏదో తేడాగా ఉందనిపించింది. నిరుడు వాలుగ తోక పలక చివర దాకా వచ్చేది. ఈసారి సగం దగ్గరే ఆగిపోతోంది. పలక మీద ఖాళీ కనిపిస్తోంది. కానీ వలకు పడే గంపలు మాత్రం అన్నే ఉన్నాయి. చేప ఉన్నంత ఉంటే పెద్దవి ఎక్కడికి పోయాయి? పెద్దవి పోతే గంపలు ఎలా నిండుతున్నాయి? కంప్యూటర్‌లో ఎన్ని రకాలుగా తిప్పినా రెండూ పొసగలేదు. తిండి తింటూ లేచి వెళ్లి అంకెలు చూసేవాణ్ణి. ఉద్యోగపు పనిలో సూరల ఫైలు తెరిచి వాలుగల ఫైలు మూసేవాణ్ణి, మళ్లీ అది మూసి ఇది తెరిచేవాణ్ణి. మా ఆవిడతో ఉత్తి పుణ్యానికి తగువు పెట్టుకున్నాను.

ఒక మధ్యాహ్నం ఇంట్లో ఉండలేక మేనత్త ఇంటికి పోయాను. ఆమె మగ్గం ముందు కూర్చుని చీరకు కొంగు కలుపుతోంది. గద్వాల చీరకు ఒళ్లు నూలు, కొంగు పట్టు. నూలు పడుగు అయిపోయే చోట పట్టు పడుగును పోగు పోగునా ముడివేసి కలుపుతారు. వందల పోగులు. కలిపాక చూస్తే ఒకటే చీర. నేను గదిలో అటూ ఇటూ తిరుగుతుంటే ఆమె తలెత్తకుండానే అంది: "కుదురుగ కూసుంటె కూసో. లేకుంటె బయటికి పో. నీ కాళ్ల సప్పుడుకు నా లెక్క తప్పుతుంది." బయటికే పోయాను.

ఆ ఆదివారం ఒడ్డుకు వెళ్లి, చెప్పులు విప్పి, వలలు బాగుచేసే అక్క మరిదితో, "నన్నూ తీస్కపో" అన్నాను. అందరూ పని ఆపి చూశారు. ఆమె తన పట్టా కిందినుంచి ఒక పాత గాలి ట్యూబు తెచ్చి నా మెడలో వేసింది. "పోయిరా సారు. సావవులే" అంది.

పుట్టి తిరిగింది. నా తల తిరిగింది. కళ్లు మూసుకుని వెదురు అంచు రెండు చేతులా పట్టుకున్నాను. నీళ్ల మధ్యకు వెళ్లాక అతను తెడ్డు ఆపి వల వదలడం మొదలుపెట్టాడు. వలను తేల్చే బెండ్లు ఒకదాని వెనక ఒకటి టపటపమంటూ నీళ్లలో పడుతున్నాయి. భయం మరచిపోవడానికి బెండ్లు లెక్కపెట్టాను. కొంతసేపటికి లెక్క తప్పింది. వల మాత్రం అయిపోలేదు. తెల్లటి వల పోయింది, తర్వాత పచ్చ వల వచ్చింది, అది పోయి నీలం వచ్చింది. రంగు మారే ప్రతిచోటా కన్ను కన్నుకూ వేసిన ముడులు. చాలా నేర్పుగా, దగ్గరగా వేసినవి.

"ఆపు. ఇదేంటి?" అన్నాను.

"వల సారు."

"ఎన్ని ముక్కలిది?"

అతను వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాడు. "ఏడు. ముందట రెండు నావి. ఎనక రెండు మా అన్నయి. మిగిలిన మూడు కొత్తకోటల కొనుకొచ్చిన."

"మీ అన్నవా?"

"మా దగ్గర గంతే సారు. మనిషి సచ్చిపోతె ఆయన వల పారెయ్యరు. అన్నదమ్ములల్ల ఎవరన్న తన దానికి కుట్టుకోవాలె. గా ముక్కలల్ల పడ్డ చేప ఆయన పెండ్లాం పిల్లలది. మా వదినకు రోజూ పోసేది గదే. ఊకె ఇస్తున్ననా?"

"మరి కొత్తవి మూడు?"

అతను నీళ్లకేసి చూశాడు. "అవతలోళ్లకు సచ్చినోళ్ల ముక్కలు గలిసి వల పొడుగైంది. మాకెందుకు పొట్టిగుండాలెనని ఒకలు కుట్టుకున్నరు. ఆళ్లను జూసి ఇంకొకలు."

"నేను ప్రతిసారీ అడిగాను కదయ్యా, ఎన్ని వలలని! ఒక్కటని చెప్పావు!"

"ఒక్కటే గద సారు" అన్నాడు, నిజంగానే ఆశ్చర్యపోయి. "కుట్టినంక ఒక్కటే. ఇంటికి ఒక్కటే."

నాకు కోపం రావాలి. రాలేదు. ఎవరి మీద రావాలి? నూలూ పట్టూ కలిసే చోటు చూసి పెరిగినవాణ్ణి. కుట్టు ఎక్కడుందో కళ్లు మూసుకుని వేలితో చెప్పగలిగిన ఇంట్లో పుట్టాను. పడవ ఒకటే కదా అని మోసపోకండని ఊరందరికీ పాఠాలు చెప్పేవాణ్ణి. నిరుడూ ఈ ఏడూ ఒడ్డున కూర్చుని, ఏడు ముక్కల వలను "1" అని రాసుకున్నాను. ఆ ముడులు వేసింది నా పక్కన కూర్చుని చేపలు పట్టిచ్చిన ఆమే.

తర్వాత నెలరోజులు ప్రతి ఇంటి వలా పరిపించి ముక్కలు లెక్కపెట్టాను. పాత నోటుపుస్తకాల కాలంలో వలకు రెండే ముక్కలని ముసలివాళ్లు చెప్పారు. లెక్క మళ్లీ మొదటి నుంచి వేశాను. ముక్కకు పడే చేప సగం కంటే కిందికి పోయింది. ఏళ్ల తరబడి చేప తగ్గుతూ వచ్చింది, వల పొడుగవుతూ వచ్చింది, రెండూ కలిసి నా కళ్లు కప్పాయి. తప్పును అందరిలాగే నేనూ చూడలేదనుకుంటే ఒక రకం. చూడాల్సిందే నేను.

మళ్లీ రేకుల షెడ్డు ముందు నిలబడ్డాను. "నిరుడు నేను తప్పు చెప్పాను" అన్నాను. మొత్తం వివరంగా చెప్పాను. ఈసారి ఈలలు లేవు. నిరుడు గొణిగిన ముసలాయన బీడీ ఆర్పి, జరిగి నాకు కూర్చోవడానికి చోటిచ్చాడు. అది ఇంకా కష్టంగా అనిపించింది. చాలాసేపు కేకలు, తోపులాటలు అయ్యాక సంఘం తీర్మానం చేసింది. ప్రతి వలా మళ్లీ రెండు ముక్కలే. మిగతావన్నీ విప్పేయాలి.

ఇంటికి తిరిగి వచ్చేటప్పుడు స్కూటర్ మీద ఈల వేసుకున్నాను. సముద్రంలో ఏ మీటింగూ నా అంకెను ఉన్నదున్నట్టు ఒప్పుకోలేదు. ఇక్కడ ఒక్క పూటలో ఒప్పుకున్నారు. "చూడు, చదువురానోళ్లు నయం" అని మా ఆవిడతో గొప్పలు పోయాను. ఆమె నా మాటకు సంతోషించినట్టు కనిపించలేదు. "ఎవలి ముక్కలు దీస్తరంట?" అని మాత్రం అడిగింది. నాకు ఆ ప్రశ్న చెవికెక్కలేదు.

మూడు రోజులకు గుమ్మంలో అక్క నిలబడి ఉంది. నెత్తి మీద మూట. బస్సు దిగి స్టాండ్ నుంచి నడిచి వచ్చినట్టుంది, మొహమంతా చెమట. మూట దించి నా ముందు విప్పింది. పచ్చటి వల, రెండు ముక్కలు. అంచున తెగిన ముడులు.

"మా మరిది విప్పిచ్చిండు. నా మొగుని వల నాకు వచ్చింది సారు" అంది. "మంచిగనే ఉన్నది. జర నీళ్లు గూడ సూపియ్యి. యాడ ఎయ్యాలె?"

ఆమె అరవలేదు. అరిచి ఉంటే జవాబు చెప్పేవాణ్ణి. మా ఆవిడ మంచినీళ్లు తెచ్చి ఇస్తే తాగింది. పిల్లల బడి గురించి అడిగితే, పెద్దదాన్ని పత్తి ఏరడానికి తీసుకుపోతున్నానని చెప్పింది. నాకు నిలబడబుద్ధి కాలేదు, కూర్చోబుద్ధి కాలేదు. అప్పటికప్పుడు ఆమెను స్కూటర్ ఎక్కించుకుని, మూట ముందు పెట్టుకుని, అధ్యక్షుడి ఇంటికి పోయాను.

"చచ్చిపోయినవాళ్ల ముక్కలు ఉంచండి. పోటీకి కుట్టుకున్నవి మాత్రం తీయండి" అన్నాను.

ఆయన మూటలోని పచ్చ వల అంచు పట్టుకుని తెగిన ముడులు చూశాడు. "ఏది ఎవరిదో ఎట్ల తెలుస్తది? అందరు సచ్చినోళ్లయే అంటరు."

"నాకు దెలుస్తది" అంది ఆమె వాకిట్లోంచి. "ముడులన్ని నేనేసినయే గద."

ఆయన తల ఊపాడు. తర్వాత నా వైపు తిరిగాడు. "ఉంచితె చేప ఓర్సుకుంటదా సారు? గది మీరు జెప్పాలె."

"లెక్క వేసి ఆదివారం చెబుతాను" అన్నాను.

లెక్క వేశాను. చచ్చిపోయినవాళ్ల ముక్కలు పద్దెనిమిది. తొమ్మిది ఇళ్లవి. ఎంత ఉదారంగా వేసినా అందులో ఎనిమిదికి మించి ఉంచడానికి వీల్లేదు. పది తీయాలి. మూడుసార్లు వేశాను, నాలుగోసారి వేరే పద్ధతిలో వేశాను. పది. పది అంటే ఐదు ఇళ్లు. బతికున్న మగవాళ్ల రెండు ముక్కల జోలికి సంఘంలో ఎవరూ పోరని నాకు తెలుసు. ఆ అంకె ఒక కాగితం మీద రాసుకుని చొక్కా జేబులో పెట్టుకుని ఆదివారం ఒడ్డుకు వెళ్లాను.

వలలన్నీ ఇసుక మీద పొడుగునా పరిచారు. ఆమె నడుముకు చెక్కుకున్న చిన్న కత్తి తీసి ఒక కొస నుంచి మొదలుపెట్టింది. వంగి, ముడి వేళ్ల మధ్య నలిపి చూసి, "ఇది పోయినేడు కొన్నది" అని కోసేది. ఇంకోచోట ఆగి, "ఇది పాముకరిచి పోయినాయనది, ఉండనియ్యి" అని దాటేది. మగవాళ్లు చేతులు కట్టుకుని వెనకే నడిచారు. తన మరిది వల దగ్గరికి వచ్చి, అతను ఇంకా విప్పకుండా ఉంచుకున్న కొత్తకోట ముక్కలు మూడూ కోసి పక్కన పడేసింది. అక్కడే కూర్చుని, దారం తీసి, అతను విప్పేసిన పచ్చ ముక్కల్ని మళ్లీ కుట్టుకుంది. అది అయ్యేదాకా అందరూ నిలబడే ఉన్నారు.

ఎండ ఎక్కింది. ఆమె చివరి వల దగ్గర నడుము పట్టుకుని లేచి, కత్తి చేతిలోనే ఉంచుకుని, నన్ను అడిగింది.

"ఇంకెన్ని దియ్యాలె సారు?"

అందరూ నా వైపు చూశారు. జేబులో కాగితం ఉంది. పది అనాలి. ఒక్క మాట. సముద్రం మీద బేరాలు విని గదిలో అరిచినన్ని సార్లూ నాకు ఆ ఒక్క మాట చాలా తేలికగా కనిపించింది.

"చాలక్కా" అన్నాను.

ఆమె కళ్లు చిన్నవి చేసి నా మొహం చూసింది. "పోయినేడు గూడ గిట్లనే జెప్పినవు సారు" అంది.

ఆ తర్వాత సముద్రపు మీటింగు ఒకటి జరిగింది. మా అంకె మీద ఎప్పటిలాగే బేరం పెట్టారు. ఒక దేశం అధికారి మావాళ్లు బీదవాళ్లన్నాడు. నేను కుర్చీలోంచి లేవలేదు. "ఇయ్యాల మొత్తుకుంటలేవేంది?" అని మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి చూసింది. మైకు బందయ్యే ఉంది అన్నాను.

ప్రతి ఆదివారం ఆ కాగితం జేబులో పెట్టుకునే ఆనకట్ట దాటుతున్నాను. ఈసారి చెప్పేయాలి అనుకుంటూ వెళతాను, చెప్పకుండా తిరిగి వస్తాను. ఆమె పెద్ద కూతురు మళ్లీ బడికి పోతోంది. పుట్టి రాగానే ఆమె వాలుగ మొప్పల్లో వేళ్లు దూర్చి పలక మీద పరుస్తుంది. తోక సగం దగ్గరే ఆగుతుంది.

"పెరిగిందా సారు?" అంటుంది.

"ఇంకా లేదక్కా" అంటాను.

ఆమె తల ఊపి ఇంకో చేప అందుకుంటుంది. కత్తి ఇప్పటికీ ఆమె నడుముకే ఉంటుంది.